గోడ మీద పాచి పట్టని చార

ఫిలిప్ తన పని తాను సరిగా చేయలేదని ఒట్టు పెట్టి మరీ చెబుతున్నాడు. లలితమ్మకు అర్థం కానిది అదే.

ముప్పై ఏళ్లు పోలీసు కొలువు చేసి ఏఎస్సైగా దిగిపోయిన మనిషి ఆమె. ఇప్పుడు మెదక్ పాత బస్టాండు వెనక ఒక గదిలో కూర్చుని, అడిగినవాళ్లకు ఆరాలు తీసిపెడుతుంది. నేరం చేసి చేయలేదన్నవాళ్లను ఎంతోమందిని చూసింది. నా పనే పాడు పని అని మొత్తుకునే మేస్త్రీని చూడటం ఇదే మొదలు.

ఫిలిప్ బావ గిడియోన్ సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. ఉలితో కాదు, ఇసుకను గాలితో కొట్టి. ఆ దుమ్ము లోపలికి పోకుండా తలంతా కప్పే ముసుగు వేసుకునేవాడు. ముసుగులో పీల్చుకునే గాలి కూడా కంప్రెసర్ నుంచే ఒక గొట్టంలో వచ్చేది. కంప్రెసర్ ఉన్నది బయట, ఇంటి వెనక సందులో. సందుకు అవతలి పక్క ఫంక్షన్ హాలు. హాలు జనరేటర్ పొగ కూడా ఆ సందులోకే వస్తుంది. కరెంటు పోయినప్పుడు గిడియోన్ పనికి లైను ఇచ్చేది ఆ జనరేటరే. శనివారం వాన పడింది, కరెంటు పోయింది, జనరేటర్ నడిచింది. మాపటికి చూస్తే గిడియోన్ ముసుగులోనే చచ్చిపోయి ఉన్నాడు. రక్తం నిండా పొగ విషమని డాక్టరు రాశాడు.

రేకుల పైనుంచి మంచి గాలి తెచ్చే పైపు పెట్టకుండా, కంప్రెసర్‌ను పొగ పక్కన కూర్చోబెట్టింది ఫిలిప్ అని సీఐ ఇంద్రకరణ్ కేసు కట్టాడు. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. అంతలోపల ఏదైనా చేయమని ఫిలిప్ భార్య ఫేబ పొద్దున్నే వచ్చి లలితమ్మ గడపలో కూర్చుంది.

"ఆయన చేతి పనికి పేరున్నది మేడం," అంది. "గా పేరే మా అన్నం. జైలుకు పోతే ఒక బాధ. పని రానోడని ముద్ర పడితే జల్మంత బాధ."

అందుకే లలితమ్మ ఇప్పుడు స్టేషన్ పక్క గదిలో ఫిలిప్ ఎదురుగా కూర్చుంది. తలుపు దగ్గర కానిస్టేబుల్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"కంప్రెసర్ కింద దిమ్మె ఎందుకు కట్టినవ్?" అని అడిగింది.

"కింద నీళ్లు ఆగుతయి మేడం. ట్యాంకు అడుగు తుప్పు పడ్తది."

"కాళ్ల కింద రబ్బరు ముక్కలు నువ్వు పెట్టినవేనా?"

"నేనే. అదురుకు దిమ్మె పగులుతది గద."

"పైన రేకు?"

"వాలు బయటి దిక్కు ఇచ్చిన. గోడకు రేకుకు నడుమ సందు ఇడ్సిన. మిషిని వేడి మీదికెళ్లి పోవాలె. మూసిపెడితే అది సుత కాలిపోతది." మాట పని మీదికి మళ్లేసరికి అతని గొంతు కొంచెం తెరుచుకుంది. "వైరు తిన్నగ మోటారుల పెట్టలే. జర కిందికి వంపు ఇచ్చి మళ్ల మీదికి తెచ్చిన. వైరెంబడి వచ్చే వాననీళ్లు గా వంపు కాడ్నే కారిపోతయి."

"ట్యాంకుల పట్టిన నీళ్లు?"

"అడుగున నల్ల ఉన్నది. పొద్దుగాల పని మొదలు పెట్టేముందు ఇప్పి ఇడువుమని బావకు చెప్పిన. రోజు ఇడిసేటోడు."

లలితమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"వైరు మీద కారే నీళ్లకు గూడ తొవ్వ చూపించినవ్. మీ బావ ముక్కుకు పోయే గాలికి తొవ్వ మరిసినవ్."

ఫిలిప్ తల దించుకున్నాడు. "మరిసిన."

"పక్కన జనరేటర్ పొగ వస్తదని ఎరికేనా?"

"ఎరికే."

"గా పొగ ముసుగులకు పోతే మనిషి ఉండడని?"

"ఎరికే మేడం. తప్పు నాదే. పైపు పెడ్తపెడ్తనని పెట్టలే. అక్కను గూడ అడుగుండ్రి, గదే చెప్తది. జల్ది రాసుకొమ్మని సారుకు చెప్పుండ్రి."

"శనివారం యాడున్నవ్?"

"రామాయంపేటల. బోరు మోటారు పని. ఆడికే ఫోన్ వచ్చింది." అసలు సంగతి ఇప్పుడే తట్టినట్టు తలెత్తాడు. "మిమ్మల్ని ఎవరు పంపిన్రు?"

"నీ భార్య."

దొంగతనం చేసినవాడికి కూడా అంతలా ముఖం పాలిపోదు. "ఫేబనా? ఆమె ఏం చెప్పింది మీకు?"

"ఏం చెప్పాలె?"

"ఏం లేదు. ఇంట్ల కూసోమనుండ్రి మేడం. ఎవరితోని ఏం మాట్లాడొద్దనుండ్రి. మీతోని గూడ."

లలితమ్మ లేచి బయటికి వచ్చింది. మొగుణ్ని విడిపించమని భార్య అడుగుతుంది. భార్య అడుగుతున్నందుకు మొగుడు భయపడుతున్నాడు. రెండింటికీ ముడి ఎక్కడో ఆమెకు తోచలేదు.

గిడియోన్ ఇంటి ముందు ఇంకా కుర్చీలున్నాయి. వాటి వెనక వరండా గోడకు ఒక బొంగుల కట్ట చేరేసి ఉంది. సంఘం ఆడవాళ్లు అప్పుడే లేచి వెళ్తున్నారు. తెల్లచీరలో పెర్సిస్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చచ్చిపోయినవాడి భార్య, ఫిలిప్‌కు సొంత అక్క. ఏడ్చి ఏడ్చి ఆగిన ముఖం కాదు అది. నిద్ర లేచి, తానెక్కడున్నదీ తెలియని ముఖం.

"సందు చూపిస్తవా బిడ్డా?" అంది లలితమ్మ.

పెర్సిస్ లేచి ముందు నడిచింది.

మనిషి పక్కకు తిరిగితేనే పట్టేంత సందు. ఎండ పడదు. దిమ్మె మీద నీలం రంగు ట్యాంకు, దాని నెత్తిన మోటారు. ఫిలిప్ చెప్పినవన్నీ ఉన్నాయి. రబ్బరు ముక్కలు, రేకు వాలు, వైరు వంపు, నల్ల. మిషను చుట్టూ వాన జల్లు కొట్టకుండా తెరలా కట్టిన ఫ్లెక్సీని పోలీసులు కోసి పట్టుకుపోయారు. ఇనుప కడ్డీలకు తాడు ముక్కలు మాత్రం మిగిలాయి.

శనివారం రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఫోటో లలితమ్మ ఫోన్లో ఉంది. అందులో ఆ ఫ్లెక్సీ నేల దాకా దింపి బిగించి ఉంది. దాని మీద ఒక ముసలామె నవ్వు ముఖం, పక్కన సిలువ, కింద వాక్యం.

"మా అమ్మ," అంది పెర్సిస్. "సువార్తమ్మ. పోయినేడు మట్టి కార్యక్రమం నాడు కొట్టించిన ఫ్లెక్సీ. అమ్మ మొఖం ఉన్నది, వాక్యం ఉన్నది. పారేయబుద్ధి గాలే. కింద పరవబుద్ధి గాలే. గిట్ల పనికొస్తదని కట్టుకున్నం."

"ఎవరు కట్టిన్రు?"

"నేనే. శనివారం పొద్దుగాల సుత ఇప్పి మల్ల నేనే కట్టిన."

"మొఖం ఎటు దిక్కు పెట్టి?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది పెర్సిస్. "లోపలి దిక్కు. ఎప్పుడైనా గంతే. అమ్మ మొఖం మీద వాన ఎట్ల పడనిస్తం?"

లలితమ్మ ఫోన్ ఆమె చేతికిచ్చింది. ఫోటోలో సువార్తమ్మ బయటికి చూసి నవ్వుతోంది. చెంపల మీద వాన చుక్కలు.

పెర్సిస్ చాలాసేపు చూసింది. "గాలికి తిరిగిందేమో."

"నాలుగు మూలల ముడి ఉన్నది."

"నాకు యాదికి లేదు మేడం. దిమాకు పని చేస్తలేదు."

"పర్వాలేదు. ఎట్ల కడ్తవో ఒకసారి చూపియ్యి. పైకడ్డీకి."

పెర్సిస్ కుడిచెయ్యి ఎత్తి కడ్డీని పట్టుకుంది. ఎడమచెయ్యి భుజం దాకా వచ్చి అక్కడే ఆగింది. దాన్ని కొంగు చాటుకు లాక్కుని, "ఒక్క చేత్తోనే ముడేస్త. అలవాటే," అంది.

"పైపు సంగతేంది? గాలి పైపు?"

"పైపు లేకుండె. తమ్ముడు పెడ్తనన్నడు, పెట్టలే."

అక్కాతమ్ముడూ ఒకే మాట చెప్పడం వింతేం కాదు. అదే మాట, అదే వరుసలో చెప్పడం వింత. లలితమ్మ గోడ వైపు తిరిగింది.

జూన్ నుంచి పడిన వానకు సందు గోడ మొత్తం పాచి పట్టి ఆకుపచ్చగా ఉంది. చెయ్యి పెడితే జారుతుంది. కంప్రెసర్ గాలి పీల్చే చోటు నుంచి, రేకు పక్క సందులోంచి, రేకు దాటి పైదాకా మాత్రం ఒక చార. అరచేతి వెడల్పు. గీత గీసినట్టు నిలువుగా. అక్కడ ఒక్క చుక్క పాచి లేదు. బూడిద రంగు సిమెంటు, మొన్ననే కట్టినట్టు. చార పక్కన అక్కడక్కడ మరలు దిగిన బొక్కలు.

లలితమ్మ చార మీద వేలు పెట్టి పైకి జరిపింది. కింది బొక్కలో ప్లాస్టిక్ బిరడా ఇంకా బిగువుగా ఉంది.

"పింఛను తీసుకొని మనవలను ఆడించుకోక ఏం పని మేడం మీకు, గోడలు రుద్దుకుంట?"

సందు మొదట్లో సీఐ ఇంద్రకరణ్. ఒకప్పుడు ట్రెయినింగులో లలితమ్మ వెనక ఫైళ్లు మోసిన కుర్రాడే. ఇప్పుడు నడుముకు బెల్టు, గొంతులో బరువు.

"నాకు మనవలు లేరు. ఉన్నయి గోడలే," అంది ఆమె.

"నిందితుడు ఒప్పుకున్నడు. చచ్చినాయన భార్య అదే మాట చెప్పింది. నా ఫోటోల పైపు లేదు. ఇంకేం కావాలె మీకు?"

"పాశి కావాలె."

"ఏంది?"

"దగ్గరికి రా సారూ. బట్టలు అంటుకుంటయని భయపడకు." ఇంద్రకరణ్ పక్కకు తిరిగి లోపలికి వచ్చాడు. "ఈ గోడకంతా పాశి పట్టింది. గీడ పట్టలే. ఎందుకు?"

"నాకేం ఎరుక. సున్నం గీకిందేమో."

"గీకితే గీతలుంటయి. వానకాలమంత గీడ ఏదో ఒకటి గోడను కప్పుకొని ఉన్నది. తడి తగల్లే, పాశి పుట్టలే. ఇగో మరల బొక్కలు, క్లాంపులు బిగించిన జాగ. పైకి చూడు, రేకు దాటి పోయింది. ఫిలిప్ పైపు పెట్టిండు. మంచిగ పెట్టిండు. దాన్ని ఎవరో ఈ నాలుగొద్దుల కింద తీసిన్రు. అంతకుముందే తీసి ఉంటే ఈ వానలకు చార పచ్చబడుతుండె."

ఇంద్రకరణ్ చార వైపు చూశాడు, పైకి చూశాడు. తప్పు ఒప్పుకునే మనిషి కాదు, కానీ చూడటం తెలిసిన మనిషి. జేబులోంచి ఫోన్ తీసి కింది నుంచి పైదాకా వరుసగా ఫోటోలు తీసుకున్నాడు.

"మంచిది మేడం. నేను గమనించలే. థాంక్స్." నవ్వాడు. "ఇగ ఇప్పుడు నేను చెప్త, మీరు ఇనుండ్రి. పైపు పెట్టకపోతే అది నిర్లక్ష్యం. బెయిల్ వస్తది, రేపు మాపు ఇంటికి పోతడు. పెట్టిన పైపును తీసిన్రంటే అది నిర్లక్ష్యం గాదు, మర్డర్. పైపు విలువ తెలిసినోడు ఎవరు? పెట్టినోడు. మీరు మీ క్లయింటు మొగన్ని చిన్న కేసులకెళ్లి గుంజి పెద్ద కేసుల ఏసిన్రు. ఫీజు తీసుకున్నరా, ఇంకా లేదా?"

ఆ మాట లలితమ్మకు తగిలింది. అది నిజమే. చార చూపించేటప్పుడు దాని అవతలి కొస ఎక్కడికి పోతుందో ఆమె ఆలోచించలేదు.

"శనివారం ఆయన రామాయంపేటల ఉన్నడు," అంది చివరికి.

"పైపు శనివారమే తియ్యాలని ఏమన్న ఉన్నదా?"

ఇంద్రకరణ్ వెళ్లిపోయాడు. లలితమ్మ వెనక్కి తిరిగింది. పెర్సిస్ వెనక గడపలోనే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. లలితమ్మ చూడగానే తలుపు మూసుకుంది.

ఫంక్షన్ హాలు వెనక గేటు దగ్గర కావలి ఉండే వజ్రమ్మ గంగాళం బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది. నోట్లో తమలపాకు.

"శనివారం హాల్ల ఏం ఫంక్షన్ ఉండె?" అంది లలితమ్మ.

"ఏం లేకుండె. ఈ వానల ఎవడు చేస్కుంటడమ్మా పెండ్లి?"

"మరి జనరేటర్ ఎందుకు నడిచింది?"

"పెర్సిసమ్మ అడిగింది. కరెంటు పోయింది, ఆయన రాయి పని ఆగింది, జర వెయ్యి వజ్రమ్మా అన్నది. ఎప్పుడు అడిగినా వేస్తనే ఉంట. పండుగకు కేకు తెచ్చిస్తది, నాకేం పోయింది. ఆమె బందు చెయ్యమంటే బందు చేస్త."

"ఎప్పుడు బందు చెయ్యమన్నది?"

వజ్రమ్మ నమలడం ఆపింది. "చెప్పలే మేడం. కరెంటు సుత వచ్చింది. వీధంత బుగ్గలు ఎలిగినయి. వస్తది, చెప్తది అని నేను చూస్తున్న. రాలే. డీజిల్ అయిపోయి అదే ఆగింది."

లలితమ్మ గేటు ఊచ పట్టుకుంది. "మొగడు పెండ్లాలు మంచిగ ఉండేటోళ్లా?"

"చచ్చినోని గురించి ఏం చెప్పాలె. చర్చిల మస్తు పాటలు పాడేటోడు. ఇంట్ల చెయ్యి ఊకుండకపోయేది. ఆమె ఎడమరెక్క చూసినవా? మెట్ల మీదికెళ్లి పడ్డదని చెప్తది. గీ ఇంటికి మెట్లు యాడున్నయి?"

"గోడకున్న పైపు ఎప్పుడన్న చూసినవా నువ్వు?"

"రోజు చూస్తుంటి. తెల్ల పైపు, నెత్తి మీద వంగి, దానికి జాలీ. శుక్రారం పొద్దుగాల ఎవరో ఆడామె నిచ్చెన వేసుకొని తీసింది. నెత్తి మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్నది, వానకు. మొఖం కనవడలే. పెర్సిసమ్మ గాదు, ఆ రెక్కతోని ఆమె నిచ్చెన ఎక్కదు."

"పోలీసులకు చెప్పినవా?"

"అడిగితే గద."

నడుస్తూ లలితమ్మ అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఏదీ దేనికీ అతకడం లేదు. పైపు తీసింది ఒక ఆడమనిషి. ఫ్లెక్సీ తిప్పి కట్టింది పెర్సిస్ కాదు. కట్టానని పెర్సిస్ చెబుతోంది. లేదని ఫిలిప్ చెబుతున్న పైపు ఉంది. ఫిలిప్ తన పేరు చెడగొట్టుకునేంత దూరం ఎవరి కోసం వెళ్తాడు? అక్క కోసమా? అయితే భార్య పేరు వినగానే ఎందుకు తెల్లబోయాడు?

ఫిలిప్ ఇంటి మలుపు తిరగగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి.

ఇంటి ముందు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. 'జ్ఞాపకార్థ కూడిక' అని పెద్ద అక్షరాలు, మళ్లీ అదే సువార్తమ్మ నవ్వు. ఒక పక్క వెదురు బొంగు. రెండో పక్క తెల్ల పీవీసీ పైపు. దాని పైకొస కిందికి వంగి ఉంది. వంగిన మూతికి జాలీ కట్టి ఉంది.

దాని మొదట్లో ఉన్న నల్ల కింద బిందె పెట్టి ఫేబ నీళ్లు పట్టుకుంటోంది. లలితమ్మను చూసి బిందె వదిలేసి వచ్చింది.

"ఇడుస్తరా మేడం ఆయనను?"

"ఈ పైపు యాడిది బిడ్డా?"

"ఇదా? వదినోళ్లింటి ఎనక గోడకుండె." దాచిన మనిషి గొంతు కాదు. కూర ఎక్కడ కొన్నావంటే చెప్పినట్టు చెప్పింది. "శుక్రారం అత్తమ్మ సంవత్సరీకం. ఫ్లెక్సీకి రెండో గడ దొరకలే. వదినకు ఫోన్ చేస్తే, మా గోడకు పైపున్నది, ఊకెనే ఉన్నది, తీస్కపో, నా రెక్క లేవదు, నువ్వే ఎక్కి ఇప్పుకో అన్నది."

గిడియోన్ ఇంటి వరండాలో, కుర్చీల వెనక, గోడకు చేరేసిన బొంగుల కట్ట లలితమ్మ కళ్లముందు కదిలింది. షామియానా వాళ్లు మొన్ననే తెచ్చినవి కావవి. బూజు పట్టి ఉన్నాయి. గడకు కొదవ లేని ఇల్లు అది.

"ఫ్లెక్సీ తెర నువ్వు ముట్టినవా?"

"పైపు ఇప్పాలంటే తెర ఇప్పాలె గద. ఇప్పితే ఏముంది మేడం, లోపలి దిక్కున్న అత్తమ్మ మొఖమంత మసి. నాకు పాణం కలుక్కుమన్నది. ఆమె మంచంల ఉన్నప్పుడు నేనే మొఖం కడిగిన, నేనే తల దువ్విన. కొంగుతోని తుడిచి, బయటి దిక్కు మలిపి కట్టిన. వాన పడితే కడుక్కపోతది, మసి పడితే పోదు. జల్లు లోపలికి కొట్టకుండ కింద జానెడు సందుంటే అది సుత దించి మంచిగ కట్టొచ్చిన."

మంచిగ. ఆ సందు ఫిలిప్ వదిలింది. గాలి ఆడటానికి.

"పైపు ఎందుకుండెనో నీకు ఎరికేనా?"

"వాననీళ్ల పైపు అనుకున్న. గాదా?"

లలితమ్మ పైపు మూతికున్న జాలీ వైపు చూసింది. "మీ ఆయన చూసిండా దీన్ని?"

"కూడికల చూసిండు. పాట పాడుకుంట తలెత్తి చూసిండు, పాట ఆపిండు. నేను చాయ్ ఇస్తున్న అప్పుడు. లేచి వదిన పక్కకు పోయి, అక్కా, రేపు కరెంటు పోతే బావను పని చెయ్యనియ్యకు, జనరేటర్ మీద అసలే వద్దు, రామాయంపేట నుంచి రాంగనే పైపు నేను బిగిస్త అన్నడు. వదిన సరే తమ్మీ, చెప్త అన్నది. ఎందుకట్ల అన్నడో అడుగుదామనుకున్న. జనం, పని... మరిసిన."

చెప్తూ చెప్తూనే ఫేబ గొంతు నెమ్మదించింది. పైపు వైపు తిరిగి చూసింది. పైకొస దాకా చూసింది.

"మేడం, గిది లేకనేనా గిడియోన్ అన్న సచ్చిపోయింది?"

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నాయి. ఇద్దరూ ఆ నల్ల కట్టలేదు.

"ఈ ముచ్చట ఎవరితోనన్న అన్నవా?" అంది లలితమ్మ.

"వదినతోని. పొద్దుగాల ఫోన్ల, పైపు మా తాననే ఉన్నది, తెచ్చియ్యాల్నా అని అడిగిన. వద్దు, ఆడనే ఉండనియ్యి, ముట్టకు అన్నది."

లలితమ్మ ఫోన్ మోగింది. ఇంద్రకరణ్.

"మీరు గెలిచిన్రు మేడం," అన్నాడు. గొంతులో ఎకసెక్కం లేదు, ఉత్సాహం ఉంది. "ఫిలిప్‌ను ఇడుస్తున్న. పెర్సిస్ స్టేషన్‌కు వచ్చింది. మరదలు నిచ్చెన వేసుకొని పైపు పీకుతుంటే కండ్లార చూసిందట. తమ్ముని సంసారమని నోరు మూసుకున్నదట. పైపు ఇంకా వాళ్లింటి ముందరనే ఉన్నదట. ఉన్నదా?"

లలితమ్మ మాట్లాడలేదు.

"ఉన్నదన్నమాట. ముట్టకుండ్రి. వస్తున్నం."

ఆమె గోడ మీద చూపించిన చార పెర్సిస్ చెవిలో పడింది. పెర్సిస్ నుంచి స్టేషన్‌కు పోయింది. అక్కడి నుంచి ఈ వాకిట్లోకి వస్తోంది. తోవ మొత్తం తనే వేసింది. శుక్రవారం కూడికలో తమ్ముడు అక్కకు చెప్పిన మాటకు సాక్షి ఫేబ ఒక్కతే. హంతకురాలని పేరు పడ్డాక ఆమె సాక్ష్యం ఎవరికి కావాలి?

జీపు వచ్చి ఆగింది. వెనక నుంచి ఫిలిప్ దిగాడు. ఫేబ అంతా మరిచిపోయి ఎదురు పోయి అతని రెండు చేతులూ పట్టుకుంది. అతని వెనకే ఆడ కానిస్టేబుల్ దిగింది. ఆమె ఫిలిప్ పక్కనుంచి వచ్చి ఫేబ పక్కన నిలబడింది.

ఇంద్రకరణ్ పైపు చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఎవరు తీసిన్రమ్మా దీన్ని?"

"నేనే తీసిన సార్," అన్నాడు ఫిలిప్.

ఫేబ అతని చేతులు వదిలింది. "కాదు సార్. నేనే తీసిన. నాకు తెల్వక..."

"ఆమెకేం తెల్వది సార్. శుక్రారం పొద్దుగాల నేనే ఇప్పుకొచ్చిన. పొగ పోతదని తెల్సే తీసిన. మా బావంటే నాకు పడదు. రాసుకోండ్రి."

"తమ్మీ," అంది జీపు ముందు సీట్లోంచి ఒక గొంతు. ఫిలిప్ అటు చూడలేదు.

ఇంద్రకరణ్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "పొద్దుగాల పైపు పెట్టలేదన్నోడు ఇప్పుడు పైపు తీసిన అంటుండు. పైపు ఒక్కటి, తీసినోళ్లు ఇద్దరు. చెప్పుండ్రి మేడం, ఎవర్ని ఎక్కియ్యాలె? మర్డర్ అని ఒప్పుకున్నోన్ని ఇడిసిపెట్టి పోలేను నేను."

లలితమ్మ జీపు ముందుకు నడిచింది. పెర్సిస్ ఎదుటి అద్దంలోకి చూస్తూ కూర్చుని ఉంది. తమ్ముడు బయటికి వస్తాడనుకుని ఆమె ఈ జీపు ఎక్కింది. ఇప్పుడు అదే జీపు అతన్ని ఇంకా లోపలికి తీసుకుపోబోతోంది. ఆ లెక్క ఆమె ముఖంలో తప్పుతూ ఉండటం లలితమ్మకు కనిపించింది.

"వజ్రమ్మ చెప్పింది," అంది లలితమ్మ. నెమ్మదిగా, అందరికీ వినపడేలా. "శనివారం కరెంటు వచ్చింది. వీధంత బుగ్గలు ఎలిగినయి. జనరేటర్ ఎందుకు బందు చెయ్యమనలేదు?"

పెర్సిస్ మొదటిసారి తిన్నగా ఆమె కళ్లలోకి చూసింది.

"పని నడుమ ఆపితే కొడ్తడు మేడం," అంది. "ఆయన పని చేస్తున్నంతసేపే నాకు నిమ్మళం."

ఇంద్రకరణ్ టోపీ చేతిలోనే ఉండిపోయింది. ఫిలిప్ "అక్కా, ఊకో," అన్నాడు.

"ముందటి నాడు కూడికల తమ్ముడు చెప్పిన మాట యాదికుండెనా బిడ్డా?"

పెర్సిస్ కుడిచేత్తో జీపు తలుపు తీసుకుని కిందికి దిగింది. ఎడమచెయ్యి కొంగులోనే ఉంది. మరదలి వైపు చూడలేదు. తమ్ముడి ముందుకు వచ్చి, అతని నోటికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండె," అంది. "మిషిని నడిచినంతసేపు యాదికుండె."